కింద ‘సేకరణ’ అని రాస్తే సరిపోతుందా?

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా, పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పువ్వుల తర్వాత ఒక కథ ఉంటుంది. వృద్ధాశ్రమంలో వదిలేసిన నాన్న గురించో, చిన్నప్పటి మాస్టారి గురించో నాలుగు పేరాలు, చివర్లో కళ్లు చెమర్చే ఒక మాట. ఆ కింద ‘సేకరణ’ అని ఉంటుంది. ఎవరు రాశారో, ఎక్కడ అచ్చయిందో ఉండదు. మియాపూర్ గ్రూపు నుంచి వనస్థలిపురం గ్రూపుకు, అక్కడి నుంచి డాలస్‌లో ఉన్న మేనల్లుడికి, అతని దగ్గర్నుంచి మళ్లీ మియాపూర్‌కే తిరిగొస్తుంది. ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముందు రాలిపోయేది రచయిత పేరు. తన కథ తన ఫోన్‌కే ‘సేకరణ’గా వచ్చిందని వాపోయే రచయితలు తెలుగులో తక్కువేం కాదు.

రీల్స్ చేసేవాళ్లు ఇదే మాటను ‘క్రెడిట్స్ టు రెస్పెక్టివ్ ఓనర్స్’ అంటారు. యూట్యూబ్‌లో అయితే డిస్క్రిప్షన్ అడుగున ‘నో కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్ ఇంటెండెడ్’. ఎవరు ఎలా రాసినా నమ్మకం ఒకటే: ఇది నాది కాదని ముందే ఒప్పుకున్నాను కదా, ఇంక నన్నేం అనకూడదు. చట్టం దగ్గర ఈ వాక్యం ఎందుకూ కొరగాదు. పైగా సరుకు తనది కాదని తెలిసే వాడుకున్నానని తన చేత్తో తానే రాసిచ్చినట్టు అవుతుంది.

మన దేశంలో దీనికి ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టం. 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. ఇంటర్నెట్‌కు పనికొచ్చే ముఖ్యమైన మార్పులు 2012 సవరణతో వచ్చాయి. ఈ చట్టంలో రచయితకు రెండు వేర్వేరు రకాల హక్కులున్నాయి. ఒకటి 14వ సెక్షన్‌లోది. కాపీ తీయడం, అచ్చు వేయడం, అనువదించడం, ఎలక్ట్రానిక్ రూపంలో దాచడం, నలుగురికీ అందుబాటులో పెట్టడం, ఇవన్నీ హక్కుదారు చేతిలోనే ఉంటాయి. ఈ హక్కును అమ్ముకోవచ్చు, కొన్నాళ్లకు రాసివ్వచ్చు. రెండోది 57వ సెక్షన్‌లోది. ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా రచనను వంకరటింకర చేస్తే అడ్డుకునే హక్కు. మొదటిది అమ్మేసుకున్నా రెండోది రచయిత దగ్గరే ఉంటుంది.

కింద పేరు వేయడం ఈ రెండో హక్కుకు ఇచ్చే గౌరవం. మొదటి హక్కుకు కావలసింది అనుమతి. గేటు మీద ఓనరు పేరు పెద్దక్షరాలతో రాయించినంత మాత్రాన ఆ ఇంట్లో పాలు పొంగించి కాపురం పెట్టేయలేం కదా. ‘సేకరణ’ అయితే ఆ పేరు కూడా వేయదు. ఒక్క మాటతో రెండు హక్కులూ పోతాయి.

పబ్లిక్‌గా పెట్టారు కాబట్టి అందరిదీ అనే వాదన ఒకటి వినిపిస్తుంది. కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆ వృత్తంలో ‘సి’ గుర్తు అక్కర్లేదు, ‘కాపీ చేయవద్దు’ అని హెచ్చరిక అక్కర్లేదు. రాసిన క్షణంలోనే, ఫొటో తీసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. కాపీరైట్‌పై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో భారతదేశం 1928 నుంచి ఉంది కాబట్టి అందులో ఉన్న మిగతా దేశాల్లోనూ ఆ హక్కు చెల్లుతుంది, వాళ్ల రచనలకు ఇక్కడా చెల్లుతుంది. ఫేస్‌బుక్‌లో పెడితే ఫేస్‌బుక్ సొంతమూ కాదు. అకౌంట్ తెరిచేటప్పుడు చదవకుండా ఒప్పుకున్న షరతుల్లో, ఆ పోస్టును చూపించడానికి, వాడుకోవడానికి కంపెనీకి మాత్రం లైసెన్సు ఇస్తాం. సొంత హక్కు రాసినవాళ్లదే. ఆ లైసెన్సు ఫేస్‌బుక్‌కు గానీ పక్కింటి పేజీ అడ్మిన్‌కు కాదు. ‘నా ఫొటోలు వాడుకోవడానికి ఫేస్‌బుక్‌కు అనుమతి ఇవ్వడం లేదు’ అని రెండేళ్లకోసారి తిరిగే ఫార్వర్డ్ ఉంది చూశారా, దానివల్ల ఒరిగేదేం లేదు. అదీ చాలాసార్లు ‘సేకరణ’గానే వస్తుంది.

అన్నిటికీ కాపీరైట్ ఉండదు కూడా. ఆలోచనకు లేదు, వాస్తవానికి లేదు. వాటిని చెప్పిన తీరుకే ఉంది. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ గీత గట్టిగా గీసింది. దమ్ బిర్యానీకి బాస్మతి ఎంతసేపు నానాలి, ముప్పావు వంతు ఉడికాక ఎప్పుడు వార్చాలి అన్నది ఎవరి సొత్తూ కాదు. ఆ పద్ధతి చూసి ఎవరైనా వండుకోవచ్చు, సొంత మాటల్లో రాసుకోవచ్చు, సొంత వీడియో తీసుకోవచ్చు. కానీ ఒక వంటల ఛానల్‌లో ఆవిడ చెప్పిన మాటల్ని పొల్లు పోకుండా దించేసి, ఆవిడ తీసిన గిన్నె ఫొటోతో వెబ్‌సైట్‌లో పెడితే అది కాపీ. వార్తలూ అంతే. మూసీకి వరద వచ్చిందన్న విషయం అందరిదీ. దాని మీద విలేకరి రాసిన పేరాలు మాత్రం కాదు.

బతుకమ్మ ఫొటో ఒకటి

ఒక ఉదాహరణ తీసుకుందాం. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద ఒక కుర్రాడు ఫొటో తీశాడు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ, వెనక హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు, నీళ్లలో లైట్ల నీడలు. రాత్రికి ఇన్‌స్టాలో పెట్టాడు, కుడివైపు మూల చిన్న అక్షరాల్లో తన పేరు. మర్నాటికల్లా ఒక బట్టల షాపు పేజీలో అదే ఫొటో ‘పండగ ఆఫర్ 40 శాతం’ అన్న అక్షరాలతో కనిపించింది. కుడివైపు మూల లేదు. అక్కడిదాకా కత్తిరించేశారు.

ఇందులో తప్పు ఒకటి కాదు. ఫొటోను కాపీ చేశారు, జనానికి అందుబాటులో పెట్టారు. ఇవి 14వ సెక్షన్ కిందకు వస్తాయి. పేరు తీసేశారు, అది 57. చాలామందికి తెలియనిది మరొకటుంది. 2012లో చేర్చిన 65బి సెక్షన్ ప్రకారం, హక్కుల సమాచారాన్ని తెలిసి తెలిసి తొలగించడమే విడిగా నేరం. హక్కుల సమాచారం అంటే రచన పేరు, రచయిత పేరు, హక్కుదారు వివరాలు లాంటివి. దీనికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. వాటర్‌మార్క్ క్రాప్ చేయడానికి రెండు సెకన్లు పడుతుంది. గూగుల్‌లో దొరికింది అని షాపువాళ్లు చెప్పొచ్చు. గూగుల్ దారి చూపిస్తుంది, ఫొటోకు అది యజమాని కాదు. ‘సోర్స్: గూగుల్’ అని రాయడమంటే పుస్తకం ఎవరు రాశారంటే ‘లైబ్రరీ’ అనడమే.

ఆ కుర్రాడి ఫొటోలో బుద్ధ విగ్రహం ఉంది కదా, దాన్ని చెక్కిన శిల్పి హక్కు మాటేమిటి అనే ప్రశ్న రావచ్చు. దీనికి చట్టంలోనే మినహాయింపు ఉంది. జనం తిరిగేచోట శాశ్వతంగా నిలిపిన శిల్పాన్నీ, కట్టడాన్నీ ఫొటో తీయొచ్చు, ప్రచురించొచ్చు. ‘శాశ్వతంగా’ అన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. పదకొండు రోజులుండి నిమజ్జనమైపోయే ఖైరతాబాద్ గణపతికి ఆ మాట అతకదు. దాని ఫొటో పెట్టినందుకు ఎవరి మీదా కేసు పెట్టరనుకోండి, చట్టం అక్షరాలను పట్టుకుంటే తేలేది అది. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఈ ఫొటో మినహాయింపులో శిల్పాలు ఉన్నాయి, గోడ మీద బొమ్మలు లేవు. నెక్లెస్ రోడ్డు పక్కన ఎం.ఎస్. మక్తాలో గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలున్నాయి. వాటిని వీడియోలో చూపిస్తే (చట్టం లెక్కలో వీడియో కూడా సినిమాయే), జనం తిరిగేచోట శాశ్వతంగా ఉన్న ఏ కళాకృతినైనా సినిమాలో చేర్చవచ్చన్న క్లాజు కాపాడుతుంది. అదే బొమ్మను ఫొటో తీసి టీషర్టు మీద వేసి అమ్మితే ఆ క్లాజు అక్కరకు రాదు. రీల్‌కు ఉన్న వెసులుబాటు ఫొటోకు లేకపోవడానికి తర్కం ఏమిటో చట్టం రాసినవాళ్లకే తెలియాలి.

పెళ్లి ఫొటోల సంగతి ఇంకా తమాషా. సాధారణంగా ఫొటో ఎవరు తీస్తే వాళ్లే దాని రచయిత. చార్మినార్ ముందు దారిన పోయేవాళ్ల చేతిలో ఫోన్ పెట్టి తీయించుకున్న ఫొటోకు సైతం, అక్షరాలా చూస్తే, రచయిత ఆ దారిన పోయిన మనిషే. కానీ డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు 17వ సెక్షన్ వేరే లెక్క చెబుతుంది. వేరే ఒప్పందం లేకపోతే మొదటి యజమాని డబ్బిచ్చినవాళ్లే. అంటే తారామతి బారాదరిలో ప్రీవెడ్డింగ్ షూట్ చేసిన ఫొటోగ్రాఫర్, ఆ ఫొటోల్ని తన స్టూడియో ప్రచారానికి ఇన్‌స్టాలో పెట్టుకోవాలంటే పెళ్లివారి ఒప్పుకోలు కావాలి. ‘నా కెమెరా, నా ఎడిటింగ్’ అన్నది ఇక్కడ చెల్లదు. తీసింది తానేనని చెప్పుకునే హక్కు మాత్రం ఆయనకు ఉంటుంది. అందుకే బుద్ధిగా పనిచేసే స్టూడియోలు అడ్వాన్స్ తీసుకునేటప్పుడే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటాయి. మిగతావాళ్లు ఆల్బమ్ డెలివరీ అయ్యాక తగాదా పడతారు.

పాట, క్లెయిమ్, స్ట్రైక్

హైదరాబాద్‌లో కాపీరైట్ అనగానే జనానికి గుర్తొచ్చేది సినిమా పైరసీ. అక్కడ చట్టం ఇప్పుడు గట్టిగానే ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణతో థియేటర్‌లో సినిమా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. మామూలు క్రియేటర్‌కు తలనొప్పి తెచ్చేది మాత్రం సినిమా కాదు, బ్యాక్‌గ్రౌండ్‌లో మోగే పాట.

ఒక సినిమా పాటలో మూడు పొరలుంటాయి. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగ్ ఒకటి. ఒక్కోదానికి ఒక్కో హక్కుదారు ఉండొచ్చు. ‘నేను సొంతంగా పాడాను, వాళ్ల ట్రాక్ వాడలేదు’ అంటే మూడో పొర నుంచి తప్పించుకున్నట్టే, మొదటి రెండూ అలాగే ఉంటాయి. తాతల నాటి బతుకమ్మ పాట అయితే సాహిత్యం మీదా బాణీ మీదా ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ నిరుడు ఎవరో స్టూడియోలో డప్పులు, బీట్లు కలిపి చేసిన ‘ఉయ్యాలో’ రికార్డింగ్‌కు హక్కుంది. అందులో కొత్తగా కట్టిన చరణాలుంటే వాటికీ ఉంది. ‘జానపదమే కదా’ అని ఆ ఆడియో తీసి తమ వీడియోలో కలుపుకున్నవాళ్లకు క్లెయిమ్ వస్తే కోపం వస్తుంది. జానపదం జనానిదే, ఆ రికార్డింగ్ జనానిది కాదు.

బరాత్‌లో డీజే పాట వేయడానికి చట్టంలో మినహాయింపు ఉంది. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన మిగతా సంబరాల్లో పాట వినిపించడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది. అది వేడుక జరుగుతున్నంత సేపటి మాట. అదే బరాత్ వీడియోను తీన్మార్ స్టెప్పులతో సహా యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు వెంట రాదు. బావమరిది డాన్స్ ఉంటుంది, పాట మ్యూట్ అవుతుంది.

పది సెకన్లలోపు వాడితే ఏం కాదు, ముప్పై సెకన్ల దాకా పర్లేదు అని యూట్యూబర్లలో ఒక లెక్క నడుస్తుంది. భారతీయ చట్టంలో ఎక్కడా సెకన్ల లెక్క లేదు, శాతాల లెక్కా లేదు. ఉన్నది ‘ఫెయిర్ డీలింగ్’ అనే మినహాయింపు. సొంత వినియోగం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన వ్యవహారాల మీద రిపోర్టింగ్. ఈ అవసరాలకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. ఎంతవరకు న్యాయం అన్నది కోర్టు కేసును బట్టి తేలుస్తుంది: ఎందుకు వాడారు, ఎంత వాడారు, అసలు రచన మార్కెట్‌ను ఇది తినేస్తుందా అని చూస్తుంది. కెమెరా పనితనం గురించి మాట్లాడుతూ ఆ షాట్ కొంత చూపించడం సమీక్ష. క్లైమాక్స్ మొత్తం వేసి మధ్యలో ‘సూపర్ కదా ఫ్రెండ్స్’ అనడం సమీక్ష కాదు. మీమ్స్ విషయం ఇంకా మసగ్గా ఉంది. సినిమాలోని ఒక్క ఫ్రేమ్‌ను ఫొటోగా తీసుకున్నా అది సినిమాను కాపీ చేసినట్టేనని చట్టం స్పష్టంగా రాసింది. పేరడీకి విడిగా మినహాయింపు లేదు. బ్రహ్మానందం ముఖం లేకుండా తెలుగువాళ్లు మాట్లాడుకోలేని స్థితికి వచ్చాక ఈ రెండు వాక్యాలు చదివితే కొంచెం టెన్షన్ పుడుతుంది. నిర్మాతలు మీమ్స్ జోలికి రాకపోవడానికి కారణం చట్టం కాదు, ఉచిత ప్రచారం. నటుడి ముఖం, గొంతు మీద ఉండే హక్కు మళ్లీ వేరే దారి. 2025లో చిరంజీవికి అనుకూలంగా హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులు ఆ వ్యక్తిత్వ హక్కుల గురించే, కాపీరైట్ గురించి కాదు.

యూట్యూబ్‌లో ‘క్లెయిమ్ వచ్చింది’, ‘స్ట్రైక్ పడింది’ అనే రెండు మాటల్ని కలిపేస్తుంటారు. క్లెయిమ్ అన్నది చాలావరకు మెషీన్ పని. హక్కుదారులు ముందే ఇచ్చిన ఆడియో, వీడియోలతో ప్రతి అప్‌లోడ్‌నూ ‘కంటెంట్ ఐడీ’ అనే యూట్యూబ్ సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. దొరికితే ఆ వీడియోను బ్లాక్ చేయాలా, దాని మీద వచ్చే యాడ్ డబ్బులు తీసుకోవాలా, ఊరికే గమనించాలా అన్నది హక్కుదారు ఇష్టం. స్ట్రైక్ అలా కాదు. వీడియో తీసేయమని హక్కుదారు అధికారికంగా అడిగితే పడేది అది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే ఎగిరిపోవచ్చు. 2025 మే నెలలో వార్తాసంస్థ ఏఎన్‌ఐ తన క్లిప్పుల మీద వేసిన స్ట్రైక్‌ల గురించి యూట్యూబర్లు గొంతెత్తినప్పుడు దేశమంతా మాట్లాడుకున్నది ఈ మూడో స్ట్రైక్ భయం గురించే. ఫెయిర్ డీలింగ్ అవునా కాదా కోర్టు తేల్చడానికి ఏళ్లు పడుతుంది, ఛానల్ పోవడానికి 90 రోజులు చాలు. ఈ తేడాయే స్ట్రైక్ వెనక్కి తీసుకోవడానికి జరిగే బేరాల్లో ఎవరిది పైచేయి అన్నది తేలుస్తోంది.

స్ట్రైక్ తప్పు అనుకుంటే కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వచ్చు. అప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లు పది పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగొస్తుంది. ఇది అమెరికాలో 1998లో వచ్చిన చట్టం నుంచి పుట్టిన పద్ధతి. మన చట్టంలోనూ ఇలాంటిది ఉంది. లింకులు, యాక్సెస్ అందించే సంస్థకు హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, 2013 నిబంధనల ప్రకారం అది 36 గంటల్లో చర్య తీసుకోవాలి, 21 రోజుల పాటు ఆ కంటెంట్ అందకుండా ఆపాలి. ఆలోపు కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్లీ తెరవచ్చు.

కథ ఎవరి చేతిలో ఉంది

తెలుగులో ఇప్పుడు కథలు చదివి వినిపించే ఛానళ్లు బాగా పెరిగాయి. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి బస్సులో గంట ప్రయాణంలో చెవిలో ఒక కథ పూర్తవుతుంది, మంచిదే. చాలా ఛానళ్లు మొదట్లోనే రచయిత పేరు గౌరవంగా చెబుతాయి. అనుమతి మాత్రం అడగవు. అచ్చయిన రచనలోంచి సమంజసమైన భాగాన్ని నలుగురిలో చదవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మొత్తం కథను చదివి, రికార్డు చేసి, అప్‌లోడ్ చేసి, యాడ్స్ తిప్పడం అందులోకి రాదు.

ఆ అనుమతి ఎవరిని అడగాలి అన్నది చిక్కు ప్రశ్న. వారపత్రికలో వచ్చిన కథ అయితే పత్రికనా, రచయితనా? తెలుగు రచయితల్లో చాలామంది పత్రికకు పంపితే హక్కులన్నీ పత్రికకు పోయినట్టే అనుకుంటారు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. ఆ రాతలో ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లే. ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే. 2012 తర్వాత రాసుకున్న ఒప్పందాలకు ఇంకో రక్షణ ఉంది: ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు అందులో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, ఆ మాధ్యమానికి హక్కు వెళ్లదు. కథతో పాటు ‘హామీపత్రం జతచేయండి’ అని పత్రికలు అడుగుతాయే, అదంటే ఇది నా సొంత రచన, ఎక్కడా అచ్చుకాలేదు అని చెప్పడం. ఆడియో హక్కులు, వెబ్‌సిరీస్ హక్కులు రాసివ్వడం కాదు. పోటీ ప్రకటనల్లో ‘సర్వహక్కులూ మావే’ అని పత్రికలు వేసుకునే ఒక్క వాక్యం, అవతలి సంతకం లేకుండా, వాళ్లు అనుకున్నంత దూరం వెళ్లదు.

గడువు విషయానికొస్తే, రచయిత బతికున్నంత కాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, కాబట్టి ఆయన రాతలు 2014 జనవరి 1 నుంచి అందరివీ. వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు, 2022 నుంచి ఆయన కథలు ఎవరైనా అచ్చు వేయొచ్చు, చదివి వినిపించొచ్చు. మఖ్దూం మొహియుద్దీన్ కవితలకు 2029 డిసెంబరు దాకా ఆగాలి. దాశరథికి 2047, కాళోజీకి 2062. ఏ సభలో చూసినా కాళోజీ పంక్తి ఉంటుంది కాబట్టి ఆయన్ను ప్రజల ఆస్తి అనుకోవడం సహజం. చట్టం క్యాలెండర్ వేరు. రచయితకు గడువు తీరినా, కొత్త ముద్రణకు ఎవరో రాసిన ముందుమాటకూ, కొత్త అనువాదానికీ విడిగా హక్కుంటుందని కూడా మర్చిపోకూడదు.

కాపీ జరిగింది, ఏం చేయాలి? లాయర్లు ముందు చెప్పేది గొడవ పెట్టుకోవద్దని కాదు, ముందు సాక్ష్యం తీసిపెట్టుకోమని. కామెంట్‌లో తిట్టగానే అవతలివాళ్లు పోస్టు డిలీట్ చేసేస్తారు, ఆ తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు. లింకు, తేదీ, టైము కనిపించే స్క్రీన్‌షాట్లు, సొంత ఒరిజినల్ ఫైలు భద్రంగా ఉండాలి. కోర్టుదాకా వెళ్తే వీటికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. కాపీరైట్ చట్టంలో శిక్ష చెప్పేది కూడా 63వ సెక్షనే: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరం ఇది అని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత ఉన్నా, వాట్సాప్ ఫార్వర్డ్ మీద పోలీస్ స్టేషన్‌కు ఎవరూ వెళ్లరు, వెళ్లాల్సిన పనీ లేదు. ఆ ‘సేకరణ’ ఒక మానిటైజ్ అయిన పేజీలోకో, వంద కథల పీడీఎఫ్‌గా మారి అమ్మకానికో వచ్చినప్పుడు లెక్క మారుతుంది. రిజిస్ట్రేషన్ అప్పుడు అక్కరకొస్తుంది. తప్పనిసరి కాదు గానీ, కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. తన రచనను తనకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకునే పాత చిట్కాకు చట్టంలో చోటు లేదు.

ఏఐ వచ్చాక వచ్చిన ప్రశ్నలకు ఇంకా జవాబులు తయారవుతున్నాయి. కంప్యూటర్ ద్వారా పుట్టిన రచనకు, దాన్ని పుట్టించిన మనిషే రచయిత అని 1994 నుంచి చట్టంలో ఒక వాక్యం ఉంది. చాట్‌బాట్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది కాదది. వార్తల్ని అనుమతి లేకుండా శిక్షణకు వాడారంటూ ఏఎన్‌ఐ 2024లో ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. ఇంతలోపు ఎవరి కథనో చాట్‌బాట్‌కు ఇచ్చి ‘మార్చి రాయి’ అంటే కథ కొత్తది అయిపోదు. పాత్రల పేర్లు మారినా నడక అదే అయితే కాపీ కాపీయే.

ఇన్ని చెప్పుకున్నాక, నిజంగానే సేకరించేవాళ్ల మాట మిగిలింది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలు ఊడిన 1960ల నాటి వారపత్రికలు కొనుక్కుని, అందులో ఎవరికీ గుర్తులేని ఒక మంచి కథ చూసి, నలుగురూ చదవాలని టైప్ చేసి పెట్టేవాళ్లున్నారు. వాళ్లకు అనుమతి అడగాలనే ఉంటుంది. అడగడానికి మనిషి దొరకడు. రచయిత కలం పేరు తప్ప అసలు పేరు తెలియదు. పత్రిక మూతపడి నలభై ఏళ్లయింది. పిల్లలు ఏ దేశంలో ఉన్నారో, తమ నాన్న కథలు రాశాడని వాళ్లకు తెలుసో లేదో. గడువు తీరిందా లేదా తేల్చుకుందామంటే ఆయన పోయిన ఏడాదే తెలియదు.

ఇలాంటివాటికి చట్టంలో 31ఎ సెక్షన్ ఉంది. రచయిత చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, హక్కుదారు ఎక్కడా దొరక్కపోయినా లైసెన్సు కోసం కోర్టును అడగొచ్చు. దరఖాస్తులు వినే అప్పిలేట్ బోర్డు 2021లో రద్దయ్యాక ఆ పని కమర్షియల్ కోర్టులకు వచ్చింది. కోర్టు ఒప్పుకుంటే, చెప్పిన రాయల్టీని డిపాజిట్ చేసి ప్రచురించుకోవచ్చు. తర్వాతెప్పుడైనా వారసులు వస్తే ఆ డబ్బు వాళ్లది. చదవడానికి బాగానే ఉంది. కాకపోతే దరఖాస్తు పెట్టేముందు, ఫలానా రచనను ప్రచురించాలనుకుంటున్నామని ఒక ప్రకటన ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో కూడా సెక్షన్‌లోనే రాసి ఉంది: దేశంలో ఎక్కువ భాగం చేరే ఒక ఇంగ్లీషు దినపత్రికలో. అనువాదం వేసేవాళ్లయితే ఆ భాష పత్రికలో కూడా ఇవ్వాలి. తెలుగు కథను తెలుగులోనే మళ్లీ వేసేవాళ్లకు తెలుగు పత్రికలో ప్రకటన అవసరం లేదు.